నీళ్ళు లేని వాగు

పాతికేళ్ళపాటు నేను మింగిన సుద్దపొడి మీద ఒట్టు. నా మోకాళ్ళ మీద ఒట్టు. అవి ఇప్పటికే సగం పోయాయి కాబట్టి ఆ ఒట్టుకు విలువ తక్కువ అనుకుంటే, ఇంకా మిగిలి ఉన్న నా పళ్ళ మీద ఒట్టు. ఇక్కడ రాయబోయే దాంట్లో ప్రతి మాటా నిజం. ఇంత గట్టిగా ఎందుకు చెప్పవలసి వస్తున్నదంటే, నన్ను ఎరిగినవాళ్ళు ఒట్టు లేకుండా నమ్మరు. ఒట్టు పెట్టినా నమ్మరనుకోండి. బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరు కోతల సారు. వరికోతలు కావు.

నేను సోషల్ చెప్పేవాణ్ణి. కోట ముట్టడి పాఠం చెప్పేటప్పుడు "ఆ కోట గుమ్మం ముందర మా ముత్తాత మిర్చిబజ్జీలు అమ్ముతున్నాడు, సైనికులు బాకీ పెట్టి పోయారు" అంటే తప్ప వెనక బెంచీ మేలుకునేది కాదు. బెంచీని లేపడం కోసం మొదలుపెట్టిన అలవాటు, తర్వాత బెంచీ లేకపోయినా సాగింది. మోకాళ్ళు మొరాయించడంతో కొంచెం ముందుగానే ఉద్యోగం విడిచాను. ఇప్పుడు కొత్తగా బళ్ళలో టీచర్లుగా చేరి, పలకంత ఫోన్లు పట్టుకొని ధైర్యంగా క్లాసులోకి నడిచిపోతున్న మీకు, నేను బ్లాగు నేర్చుకున్న సంగతి చెప్పాలనిపించింది. నవ్వుకోండి. నా ఎదుట నవ్వినవాళ్ళే చాలామంది, మీరు చాటున నవ్వితే నాకేం నష్టం లేదు.

మా బడి మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ పోయే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి ఉంటుంది. బడి వెనక వాగు. వాగు అవతల ఒక చిన్న పల్లె. పత్తి చేన్లు, రేకుల ఇళ్ళు, రెండిళ్ళకు ఒక మనిషి గల్ఫ్‌లో. ఆ పల్లె పిల్లలు ఎండాకాలం ఇసుకలో నడిచి, వానకాలం నీళ్ళలో దిగి బడికి వచ్చేవాళ్ళు. వాగు గట్టిగా వచ్చిననాడు రారు. మేము హాజరు పట్టీలో సున్నా చుట్టి, "ఇయ్యాల వాగొచ్చింది, పిల్లలు రాలే" అని ఒకరితో ఒకరం చెప్పుకొని చాయ్ తాగేవాళ్ళం. మాకు వాగు కూడా ఎండలాగా చలిలాగా ఒక వాతావరణం.

ఆ పల్లె నుంచి తొమ్మిదో తరగతికి ఒక పిల్ల వచ్చేది. తండ్రి గల్ఫ్‌లో పనికి పోయాడు, తల్లి పొద్దున లేస్తే చేన్లోకి. పిల్లను పెంచింది బాపమ్మ. మా దిక్కు బాపును, అంటే తండ్రిని, కన్నతల్లిని అట్లా అంటాం. ఆ ముసలామెను ఊరంతా బాపమ్మ అనే పిలిచేది, మేమూ అట్లాగే పిలిచాం. పిల్ల మహా మాటకారి. నేను కోత కోస్తే పట్టుకునేది ఆ పిల్ల ఒక్కతే.

"సార్, పోయినసారి మీ ముత్తాత బజ్జీలు గాదు, జిలేబీలు అమ్మిండన్నరు."

"పొద్దున బజ్జీలు, సాయంత్రం జిలేబీలు."

"మరి సాయంత్రానికి కోట పడిపాయె గద సార్, ఎవలు కొన్నరు?"

అబద్ధం చెప్పేవాడికి ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరకడం అదృష్టం. కానీ ఎనిమిదో తరగతి వానకాలంలో ఆ పిల్ల పోగొట్టుకున్న పాఠాలు ఇంకా పూడలేదు. లెక్కల్లో వెనకబడింది, ఇంగ్లిషులో అంతకన్నా వెనకబడింది. ఈ ఏడు కూడా వాగు అన్ని దినాలు తింటే పదో తరగతి గట్టెక్కదు. గట్టెక్కకపోతే తల్లి వెంట చేన్లోకి పోవడమే. ఆ సంగతి నాకు తెలుసు, నాకంటే ముందు ఆ పిల్లకు తెలుసు.

అప్పుడే మంచిర్యాలలో టీచర్లకు కంప్యూటర్ శిక్షణ పెట్టారు. మా హెడ్మాస్టర్ గారు మంచి మనిషి. రిటైర్మెంటు దగ్గరపడి ఏ కొత్త పని పేరు విన్నా గుటకలు మింగే దశలో ఉన్నారు. స్టాఫ్‌రూముకు వచ్చి అందరినీ చూసి, అందరికీ ఏదో ఒక పని ఉందని గ్రహించి, చివరికి నా ముందు ఆగారు.

"నువ్ పో. నువ్వున్నా లేకున్నా గిక్కడ ఒక్కటే."

నాతోపాటు హిందీ మేడమ్ కూడా వచ్చింది. ఆమె ఇల్లు మంచిర్యాలలోనే. భర్తకు చిన్న బట్టల దుకాణం. ఆమె ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, బడిలో హిందీ చెబుతుంది, నన్ను తిట్టడానికి మాత్రం తెలుగు వాడుతుంది.

శిక్షణలో మా ముందర నిలబడ్డ కుర్రాడు మౌస్ మీద రెండుసార్లు నొక్కమన్నాడు. నొక్కాను. మొదటిసారి నొక్కి, సరిగానే నొక్కానా అని ఆలోచించి, రెండోసారి నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు.

"క్యా సార్, గంట కొట్టినట్టు ఆగి ఆగి కొడుతున్నరు. జల్దీ జల్దీ కొట్టాలె" అంది మేడమ్.

"అసలు బ్లాగంటే ఏంది మేడమ్?"

"గోడపత్రిక సార్. గోడ మాత్రం మన బళ్ళె ఉండదు. ఎవలింట్ల వాళ్ళు చూస్కోవచ్చు."

ఇంతకన్నా బాగా నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నంలోపు ఆమె తన బ్లాగు కట్టేసి, సమోసా తినే విరామంలో నాది కూడా కట్టిపెట్టింది. తిరిగి వచ్చాక హెడ్మాస్టర్ గారితో రెండూ నేనే కట్టానని చెప్పాను. మేడమ్ నోరు తెరిచి, నన్నోసారి చూసి, మూసుకుంది. ఆమె అంతే. తను చేసిన పని ఎవరి ఖాతాలో పడినా ఆమెకు పట్టదు.

మా కంప్యూటర్ల గదిలో యంత్రాలు దుప్పట్లు కప్పుకొని పడుకునేవి. లేపితే కొన్ని లేచాయి. తెలుగు రాయడం ఎట్లాగంటే, ఇంగ్లిషు అక్షరాలు కొడుతూ పోతే కింద తెలుగు మాటలు వరసగా కనబడతాయి, మనకు కావలసింది ఎంచుకోవాలి. నేను తలెత్తకుండా ఒక వేలితో కొట్టుకుంటూ, కనబడ్డ మాటనల్లా ఎంచుకుంటూ, నా మొదటి వ్యాసం పూర్తిచేసి లోకం మీదికి వదిలాను. మరునాడు పిల్ల వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సార్, మేం పిల్లులమా?"

"ఎవలన్నరు?"

"మీరే రాసిన్రు. ప్రియమైన పిల్లులారా అని."

దిద్దడం నాకింకా రాదు. అందుకని, "పిల్లుల్లెక్క హుషారున్న పిల్లలారా అని దాని అర్థం" అన్నాను. మేడమ్ వచ్చి దిద్దింది. తొమ్మిదో తరగతి మాత్రం చాలాకాలం నా హాజరుకు "మ్యావ్" అనే పలికింది.

ఎవరు ఏ దేశం నుంచి చూశారో చూపించే పటం ఒకటి బ్లాగులో ఉండేది. ఒకరోజు బ్రెజిల్ మీద చుక్క పడింది. అది మనిషి కాదు సార్, ఏదో యంత్రం తిరుక్కుంటూ వచ్చి పోయింది అని మేడమ్ చెప్పింది. నేను క్లాసులో మాత్రం, బ్రెజిల్ రైతొకాయన మన నేలల పాఠం చదివి పత్తి మానేసి కందులు వేశాడని చెప్పాను. ఆ రోజు వెనక బెంచీ మొత్తం కంప్యూటర్ గదికి పరుగెత్తింది. మీరు దీన్ని ఏమంటారో నాకు తెలియదు, నేను బోధనా పద్ధతి అంటాను.

బ్లాగుతో నిజంగా ఏం చేయాలో చెప్పింది కూడా ఆ పిల్లే.

"సార్, వానలప్పుడు పాఠాలు గీండ్లనే పెడితే నేను ఇంటికాడికెల్లి చూస్త గద? బాపు పంపిన ఫోనుంది. ఇంట్ల సిగ్నల్ రాదు గని, చేన్ల మంచె ఎక్కితే వస్తది."

అట్లా మొదలైంది. లెక్కల సారు నల్లబల్లకు ఫోటో తీసి ఇచ్చేవాడు. మేడమ్ హిందీ పాఠం చదివి, గొంతు రికార్డు చేసి పెట్టేది. నేను నా పటాలు పెట్టేవాణ్ణి, ముత్తాతను కొంచెం తగ్గించి. వాగు వచ్చిననాడు అవతలి పిల్లలు మంచె ఎక్కి చూసి, కింద సందేహాలు రాసేవాళ్ళు. పిల్లలు కూడా తమకు తోచింది రాసి పెట్టవచ్చని చెప్పాను. మొదటి వానల్లోనే ఆ పిల్ల పాఠాలు ఒక్కటి కూడా పోలేదు. నేను స్టాఫ్‌రూములో కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాను. కాలు మీద కాలు వేయగలిగిన మోకాళ్ళు అప్పుడు ఉండేవి.

సంతోషంలో పిల్ల ఇంటికి పోయి బాపమ్మతో అన్నదట: "బాపమ్మా, సారు మమ్ములందరిని బ్లాగుల పెట్టిండు. ఇగ వానొస్తే దినాం బ్లాగులకే పోవుడు. పాఠాలన్ని అండ్లనే ఉన్నయి."

బాపమ్మ చెవి కొంచెం మందం. పైగా పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె బ్లాగు అనే మాట వినలేదు. వాగు అనే మాట మాత్రం రోజూ వింటుంది.

మరునాడు ప్రార్థన ముగిసి పిల్లలు లోపలికి పోతుంటే గేటు దగ్గర బాపమ్మ నిలబడి ఉంది. మోకాళ్ళ పైదాకా తడిసిన చీర, చేతిలో ఎడ్లను అదిలించే ముల్లుగర్ర. పక్కన పిల్ల, తలవంచుకొని.

"పిల్లలను వాగుల దించిన సారు ఎవలు?"

హెడ్మాస్టర్ గారు వేలు పెట్టి నన్ను చూపించారు. ఆయన అంత చురుగ్గా ఏ పనైనా చేయడం నేను చూడడం అదే మొదటిసారి.

"నేను ఎవల్ని దించలే బాపమ్మా."

"అబద్ధాలాడకు. మా పొల్లనే చెప్పింది. వానొస్తే దినాం వాగులకే పోవాల్నట, పాఠాలన్ని అండ్లనే ఉన్నయట."

"వాగు కాదు, బ్లాగు."

"గదే గద నేననేది!"

"బ్లా... బ్లా... గు."

"నా నోట్ల పండ్లు లేవని ఎక్కిరిస్తున్నవా?"

"బాపమ్మా, గది వేరే..." అని పిల్ల మధ్యలోకి రాబోయింది.

"నువ్ సారును ఎనకేసుకురాకు పోరి."

హెడ్మాస్టర్ గారు సర్దిచెప్పబోయారు. "అది సర్కారు చెప్పిందేనమ్మా."

"సర్కారు చెప్పిందా, పొల్లగాండ్లను వాగుల దించుమని!" ముల్లుగర్ర ఇప్పుడు ఆయన దిక్కు తిరిగింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి తులసి కుండీని తన్నుకున్నారు. బాపమ్మ మళ్ళీ నా దిక్కు తిరిగింది. "అండ్ల నీళ్ళుంటయా, ఉండయా? గది చెప్పు."

"ఉండవు."

"వానకాలం నీళ్ళు లేని వాగు యాడిదయ్యా? ఎంతమంది దిగిన్రు?"

"తొమ్మిదో తరగతి అంత."

"ఎవలన్న మునిగిన్రా?"

ఇక్కడ నోరు మూసుకొని ఉండాలి. చుట్టూ పిల్లలు గుమిగూడి వింటున్నారు, నాకు అంత పెద్ద సభ దొరికితే నాలుక ఆగదు.

"నేనొక్కన్నే మునిగిన బాపమ్మా. గిప్పటిదాంక తేలలే."

పిల్లలు ఘొల్లున నవ్వారు. బాపమ్మ నవ్వలేదు. ముల్లుగర్ర కిందికి దించింది. గొంతు కూడా దించింది.

"నవ్వులాట గాదు సారూ. నా చిన్న కొడుకు సుత నీ లెక్కనే నవ్వుకుంట దిగిండు."

ఆ సంగతి మాకు ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్ళ కిందటి మాట, పిల్ల పుట్టకముందుది. బాపమ్మ పిల్ల చేయి పట్టుకుంది.

"ఇగ బడి బంద్. నడువ్ బిడ్డ."

వాళ్ళిద్దరూ గేటు దాటి పోతుంటే పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నా మీద కోపం ఉన్నా బాగుండేది. ఏమన్నా చెయ్యండి సార్ అన్నట్టు చూసింది.

"మీ నోటికి బజార్ల తాళం దొరకదా సార్?" అంది మేడమ్.

పిల్ల రాలేదు. వాగు తగ్గిన రోజుల్లో కూడా రాలేదు. కానీ మంచె ఎక్కుతూనే ఉంది. పాఠాల కింద సందేహాలు వస్తూనే ఉన్నాయి. ఒకనాడు సందేహానికి బదులు ఈ మాట వచ్చింది: "బాపమ్మ బడికి తోలనంటుంది. బాపును ఫోన్ల అడిగితే అవ్వ ఎట్లంటే గట్లనే అంటుండు. సార్, మీరు పాఠాలు పెట్టుడు ఆపకుండ్రి." అది చదివి నేను కోతలు మానేసి సగం పూట మామూలు మనిషిలా ఉన్నాను. ఆ వారమే పిల్ల తన వాగు మీద ఒక చిన్న వ్యాసం కూడా రాసి పెట్టింది. మేడమ్ అది రెండుసార్లు చదివింది.

"నడువుండ్రి సార్, పోదాం" అంది.

వాగు తగ్గిందని ఎవరో చెప్పారు. తగ్గడం అనేది గట్టు మీద నిలబడ్డవాళ్ళ మాట. పిల్ల రాసిన పేజీ తెరిచి అట్లాగే ఉంచి, బడి ల్యాప్‌టాప్‌ను యూరియా సంచిలో చుట్టి నేను నెత్తిన పెట్టుకున్నాను. మేడమ్ చెప్పులు చేతిలో పట్టుకొని ముందు దిగింది. నడుములోతు నీళ్ళు. తర్వాత నేను చాలామందికి ఆ వాగులో మొసలి నా కాలు పట్టిందని చెప్పాను. పళ్ళ మీద ఒట్టు పెట్టాను కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను, అది పాకురు పట్టిన రాయి. కాలు జారింది. మునిగాను. సంచి పట్టుకున్న చేయి ఒక్కటే పైన ఉంది. మేడమ్ వెనక్కి వచ్చి ముందు సంచి అందుకుంది, తర్వాత నన్ను.

గట్టెక్కి దగ్గుకుంటూ అడిగాను. "నన్నిడిచి ముందు సంచి పట్టుకుంటరా మేడమ్?"

"అది బడిది సార్."

బాపమ్మ అరుగు మీద కూర్చొని చేటలో కందులు చెరుగుతున్నది. పిల్ల తలుపు దగ్గర నిలబడింది. నా నెత్తి నుంచి, మీసాల నుంచి, జేబుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. బాపమ్మ చేట ఆపి కిందినుంచి పైదాకా చూసింది.

"మునిగినవా సారూ?"

"మునిగిన బాపమ్మా." నా చొక్కా కొస పిండి చూపించాను. "గిది వాగు." సంచి విప్పి ల్యాప్‌టాప్ తీసి ఆమె ఒడిలో పెట్టాను. "గిది బ్లాగు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని, దాని మీద అరచేయి పెట్టి నిమిరింది. ఎత్తి అడుగు చూసింది.

"పొడిగనే ఉంది" అంది.

"పొడిగనే ఉంటది. వానకాలమైనా."

"పొల్ల మంచెక్కి ఫోన్ల చూసేది గిదేనా?"

"గిదే."

"గా దినమే గిట్ల సక్కగ చెప్పకపోతివి. మునిగిన మునిగిన అని ఆగమాగం జేస్తివి."

పిల్ల రాసింది చదివి వినిపించమంటావా అని అడిగాను. "సార్, వద్దు" అంది పిల్ల. "చదువు" అంది బాపమ్మ. చదివాను.

"మా వాగు ఎండకాలం సప్పుడు చెయ్యది. వానకాలం మస్తు మాట్లాడుతది. ఊళ్ళె అందరు దాన్ని చూస్తరు, మా బాపమ్మ చూడది. నేను బడికి పోయేటప్పుడు గట్టు దాంక నా ఎంబడి వచ్చి, వాగు దిక్కు ఈపు పెట్టి నిలబడుతది. నేను అవుతలి గట్టెక్కి కేకేస్తెనే ఇంటికి మర్లుతది. ఒకనాడు నేను కేకెయ్యుడు మర్సిపోయిన. పొద్దుమూకి వచ్చేసరికి బాపమ్మ గాడనే నిలబడి ఉంది."

బాపమ్మ చేటలోని కందులను వేలితో ఒక పక్కకు జరిపింది. మళ్ళీ ఇటు పక్కకు జరిపింది.

"గిది ఎవలెవలు చదివిన్రు?"

"చానమంది. మీ కొడుకు సుత చదివిండు. గిక్కడ కింద రాసిండు చూడు." ఆయన గల్ఫ్ నుంచి రాసిన మాట చదివాను. "బిడ్డా, గా దినం అవ్వ బువ్వ తిన్నదా?"

"పిచ్చోడు" అంది బాపమ్మ. "తిన్నదని రాయి సారూ. లేకుంటే గాడ పరేషానైతడు."

బడికి పోగానే రాస్తానన్నాను. రాశాను కూడా. అంతా అయిపోయింది, పిల్ల రేపు బడికి వస్తుంది అనుకొని నేను లేవబోయాను. బాపమ్మ నా తడిసిన చొక్కా కొస పట్టుకొని కూర్చోబెట్టింది.

"ఒక్కపారి దాటితెనే నువ్ గిట్లైతివి. నా పొల్ల దినాం రెండుపార్లు దాటుతది. గీ డబ్బ మంచిదే, కాదన. పరీక్షలు సుత గీండ్లనే రాయనిస్తవా?"

"రాయనియ్యరు బాపమ్మా. బడికొచ్చి రాయాలె. మంచె మీద ఎంత చదివినా, బడికి రాకుంటే పది పాసవుడు కష్టమే."

"మరి దాటించేదెవలు?"

ఎప్పుడూ లేనిది, ఒక్క కోత కూడా తట్టలేదు. ఎన్నో వానకాలాలు ఇవతలి గట్టున చాయ్ తాగుతూ నేను చుట్టిన సున్నాలు గుర్తొచ్చాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో వినండి. పిల్ల రాసింది ఎవరి ఫోన్ నుంచి ఎవరి ఫోన్‌కు పోయిందో, చివరికి ఒక పెద్ద అధికారి కంట పడింది. ఆయన తన చాయ్ చల్లారేదాకా చదివి, కారెక్కి నేరుగా వాగు దగ్గరికి వచ్చాడు. పాంటు మడిచి స్వయంగా నీళ్ళలోకి దిగి లోతు చూశాడు. వానలు వెనకబట్టగానే ఇనుము వచ్చింది, కంకర వచ్చింది, మనుషులు వచ్చారు. చూస్తుండగానే వాగు మీద వంతెన లేచింది. రెండు పక్కలా నలుపు పసుపు చారల కమ్మీలు. హెడ్మాస్టర్ గారు కొబ్బరికాయ కొట్టబోతే అది చేయి జారి వాగులో పడి కొట్టుకుపోయింది. బాపమ్మ ముల్లుగర్ర ఆనించుకుంటూ అందరికన్నా ముందు నడిచి, సరిగ్గా నడిమధ్యన ఆగి, కమ్మీ పట్టుకొని వాగు దిక్కు కళ్ళారా చూసింది. పిల్ల ఆ వంతెన మీదే రోజూ బడికి వచ్చి పది పాసయింది.

ఇంతవరకు రాసి ఆ పిల్లకు పంపించాను. ఇప్పుడు కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతున్నది. చదివిన వెంటనే ఫోన్ చేసింది.

"సార్, గా వంతెన యాడుంది?"

"వాగు మీద."

"మొన్న ఇంటికి పోయినప్పుడు నేను నడుములోతు నీళ్ళల్ల దాటిన. నాకైతే కనవడలే."

కాబట్టి ఒప్పుకుంటున్నాను. వంతెన నా కోత. అధికారి లేడు, ఇనుము లేదు, కంకర లేదు, ఆ కొబ్బరికాయ కూడా లేదు. మిగిలినదంతా జరిగిందే. మరి పిల్ల ఎట్లా దాటింది అంటారు.

దాటించేదెవలు అని బాపమ్మ అడిగి నేను నీళ్ళు కారుతూ కూర్చున్నప్పుడు, అంతసేపూ అరుగు చివర కూర్చున్న మేడమ్ అన్నది:

"వానలున్నన్ని దినాలు పొల్లను మా ఇంట్ల ఉంచుకుంటనమ్మా. పొద్దున నా ఎంబడి బస్సుల బడికొస్తది, సాయంత్రం నా ఎంబడే మంచిర్యాల వస్తది. వాగు దాటే పనే ఉండది."

బాపమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"మీరు తుర్కోళ్ళు గదమ్మా?"

"అవునమ్మా."

"మా పొల్లకు పప్పుచారు లేంది ముద్ద దిగది."

"మా ఇంట్ల దినాం ఖట్టీ దాల్ ఉంటది."

"గదేంది?"

"మీ పప్పుచారేనమ్మా. పేరే మేం వేరే పెట్టుకున్నం."

బాపమ్మ ఇంకా ఆలోచించింది. "నిద్రల కాళ్ళు తన్నుతది."

"నా బిడ్డ గూడ తన్నుతది. ఇద్దరిని ఒక్క మంచంల పండవెడత. తన్నుకోనీ."

అప్పుడు బాపమ్మ నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. లోపలికి పోయి పిల్ల బట్టలు సంచిలో సర్దసాగింది.

ఆ వానకాలమంతా, పది చదివే ఏటి వానకాలమంతా పిల్ల మేడమ్ ఇంట్లో ఉంది. ఎండ కాసిన ఆదివారాలు బాపమ్మ మక్కకంకులో చిక్కుడుకాయలో మూటగట్టి పంపేది. పిల్ల మంచె మీద నుంచి కాక మేడమ్ ఇంటి మెట్ల మీద నుంచి బ్లాగులో రాసేది. గల్ఫ్ నుంచి తండ్రి అడిగే ప్రశ్న మారింది: "బిడ్డా, మేడమ్ వాళ్ళు మంచిగున్నరా?"

నేను ఎప్పుడో ఒకప్పుడు దీన్ని రాస్తానని మేడమ్‌కు తెలుసు. ఉద్యోగం విడిచిననాడే గేటు దగ్గర ఆపి చెప్పింది. "సార్, ఎన్ని కోతలన్న కోసుకోండ్రి. మా ఇంటి మాట మాత్రం రాయకండ్రి. పొల్ల మా ఇంట్ల ఉన్నది, గంతే. దాన్ని గొప్ప చేసి పాడు చెయ్యకండ్రి." మాటిచ్చాను. అందుకే పిల్లను గట్టుకు చేర్చడానికి నాకు ఇంకేదో కావలసి వచ్చింది. ఎట్లాగూ కడుతున్నాను కదా అని కమ్మీలకు రంగు కూడా వేయించాను.

"వంతెన తీసేస్త బిడ్డా" అన్నాను ఫోన్‌లో.

"వద్దు సార్, ఉండనియ్యుండ్రి. ఎవలన్న చదివి నిజంగనే కడతరేమో. గని మేడమ్ సంగతి సుత రాయుండ్రి."

"మాటిచ్చిన. రాస్తే మేడమ్ నన్ను బతకనియ్యది."

అవతల కాసేపు నవ్వు వినిపించింది.

"మీరు రాస్తే ఎవలు నమ్ముతరు సార్? రాయుండ్రి."